లినక్స్‌ను ఎవరు పరీక్షిస్తారు? మార్కెట్ లెక్క అక్కడే తేలుతుంది

2024 మార్చి నెలాఖరులో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నారు. కొలత సరిగ్గా రావాలంటే కంప్యూటర్‌లో మిగతా పనులన్నీ సద్దుమణిగి ఉండాలి. కానీ దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఊరికే ప్రాసెసర్‌ను తినేస్తోంది. ఇదివరకు 0.3 సెకన్లలో అయిపోయే లాగిన్‌కు ఇప్పుడు 0.8 సెకన్లు పడుతోంది. తేడా అర సెకను. మామూలుగా అయితే ఎవరూ పట్టించుకోరు. అంతకు కొన్ని వారాల ముందు, ప్యాకేజీలు అప్‌డేట్ చేశాక, పోస్ట్‌గ్రెస్ ఆటోమేటెడ్ టెస్టుల్లో వాల్‌గ్రైండ్ అనే సాధనం ఏదో వింత హెచ్చరిక ఇచ్చిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. తీగ లాగారు, డొంకంతా కదిలింది.

ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. అది పనిచేస్తే ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలోకి తాళం లేకుండా దూరిపోవచ్చు. జియా టాన్ అనే పేరుతో రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి బాధ్యతలు కూడా అందుకున్న వ్యక్తి చేసిన పని ఇది. దాన్ని దాచిన చోటు ఇంకా గమనించదగ్గది. పాడైన ఫైల్ ఇస్తే ప్రోగ్రామ్ ఎలా తట్టుకుంటుందో చూడటానికి ఇలాంటి ప్రాజెక్టుల్లో కావాలని పాడుచేసిన నమూనా ఫైళ్లు కొన్ని ఉంటాయి. వాటిని తెరిచి చదివేవారు ఉండరు. దొంగదారికి కావలసిన అసలు సరుకును ఆ టెస్ట్ ఫైళ్లలోనే పెట్టారు.

ఇది బయటపడేనాటికి ఎంతదూరం వెళ్లింది? లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు రకరకాల కూర్పులుంటాయి; వాటిలో డెబియన్ టెస్టింగ్ విభాగం, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ వంటి చోట్లకు చేరింది. అంటే కొత్త సరుకు ముందుగా దిగే చోట్లకు మాత్రమే. బ్యాంకులూ ఆసుపత్రులూ ప్రభుత్వ కార్యాలయాలూ వాడే డెబియన్ స్టేబుల్‌కు, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కు చేరలేదు. ఉబుంటు అనే మరో కూర్పు 24.04 బీటా (ముందస్తు పరీక్షా వెర్షన్) విడుదలను వారం వెనక్కి జరిపి, ఆ కోడ్ వచ్చాక తయారైన ప్యాకేజీలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి బిల్డ్ చేశారు, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌గా మళ్లీ తయారుచేశారు.

ఇందులో అదృష్టం ఉంది, కాదనలేం. అయితే ఆ అదృష్టానికి అవకాశం ఇచ్చింది మాత్రం ఒక ఏర్పాటు: కొత్త కోడ్‌ను నేరుగా జనం మీదకు వదలకుండా కొన్నాళ్లు వాకిట్లో నిలబెట్టే ఏర్పాటు. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల మార్కెట్ గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ధర గురించి మాట్లాడతారు, "ఫ్రీగా వస్తుంది కదా, అందరూ ఎందుకు వాడరు?" అని. ముప్పై ఏళ్ల చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకు సమాధానం ధరలో దొరకదు. విడుదలకు ముందు ఎవరు పరీక్షించారు, ఏ మెషీన్ మీద పరీక్షించారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్న దాంట్లో దొరుకుతుంది. ఆ ఖర్చును ఎవరో ఒకరు భుజాన వేసుకున్న ప్రతి చోటా లినక్స్ గెలిచింది. వాడేవాడి నెత్తిన పడ్డ ప్రతి చోటా నత్తనడక నడిచింది.

వాకిట్లో జరిగే పని

డెబియన్‌లో ఒక ప్యాకేజీ ప్రయాణాన్ని దగ్గర నుంచి చూద్దాం. ఒక పీడీఎఫ్ రీడర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందనుకోండి. దాన్ని చూసుకునే వాలంటీర్ ముందుగా "అన్‌స్టేబుల్" విభాగంలోకి ఎక్కిస్తారు. ఈ విభాగానికి ఎప్పటికీ ఒకటే పేరు, సిడ్. ఒక యానిమేషన్ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పిల్లాడి పేరది. ఎక్కించగానే ఇంటెల్, ఆర్మ్, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఇలా రకరకాల ప్రాసెసర్లకు బిల్డ్ మొదలవుతుంది. ఇంతకు ముందు బిల్డ్ అయిన ప్రాసెసర్ మీద ఇప్పుడు కాకపోతే ప్రయాణం అక్కడే ఆగుతుంది. తర్వాత ఆటోమేటెడ్ టెస్టులు నడుస్తాయి. ఆ పీడీఎఫ్ రీడర్ టెస్టులు ఒక్కటే కాదు, దాని మీద ఆధారపడ్డ ఇతర ప్యాకేజీల టెస్టులు కూడా. మన మార్పు వల్ల పక్కవాడి టెస్ట్ ఫెయిలైనా మన బండే ఆగుతుంది.

ఇవన్నీ దాటాక నిరీక్షణ. మార్పు ఎంత అత్యవసరమో దాన్ని బట్టి 2, 5, లేదా 10 రోజులు. ఈలోగా సిడ్ వాడేవాళ్లెవరైనా తీవ్రమైన బగ్ రిపోర్ట్ చేస్తే గేటు మూసుకుంటుంది. లేకపోతే "టెస్టింగ్" విభాగంలోకి చేరుతుంది. సుమారు రెండేళ్లకోసారి ఈ టెస్టింగ్ విభాగం మొత్తాన్ని గడ్డకట్టిస్తారు. దాన్నే ఫ్రీజ్ అంటారు. కొత్త ఫీచర్లు బంద్, బగ్‌లు సరిచేయడం ఒక్కటే పని. డెబియన్ 13కు ఈ ఫ్రీజ్ 2025 మార్చి 15న మొదలైంది, విడుదల ఆగస్టు 9న జరిగింది. దాదాపు 70 వేల ప్యాకేజీల్ని దారిలో పెట్టడానికి అయిదు నెలలు. ఈ పని చేసేవాళ్లలో చాలామందికి జీతం లేదన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ అయిదు నెలల విలువ తెలుస్తుంది.

"సిద్ధమైనప్పుడే విడుదల" అన్నది డెబియన్ పద్ధతి. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది కానీ దానికి మార్కెట్ వేసే జరిమానా కూడా ఉంది. 2002 జూలైలో 3.0 వెర్షన్ వచ్చాక తర్వాతిది రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. మూడేళ్లు! ఆ మూడేళ్లలో కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, కొత్త వైఫై కార్డులు వచ్చాయి, స్టేబుల్ వాటిని గుర్తుపట్టలేకపోయింది. సరిగ్గా ఆ ఖాళీలోనే 2004 అక్టోబర్‌లో ఉబుంటు పుట్టింది. సిడ్‌లోని సరుకునే తీసుకుని, ప్రతి ఆరు నెలలకూ తప్పకుండా ఒక విడుదల ఇస్తామంది. జనం దానివైపు వెళ్లారు. అదే ఉబుంటు, దీర్ఘకాలం సపోర్ట్ ఇవ్వాల్సిన తన మొదటి వెర్షన్‌ను మాత్రం 2006 ఏప్రిల్ నుంచి జూన్‌కు వాయిదా వేసుకుంది. ఏళ్ల తరబడి సర్వర్ల మీద ఉండబోయే దాన్ని ఆరు వారాలు ఎక్కువ పరీక్షిస్తే నష్టం లేదనుకుంది. ఆ నిర్ణయం సరైనదే. ఉబుంటు సర్వర్‌కు తర్వాత వచ్చిన పేరు దీర్ఘకాలిక సపోర్ట్ ఉన్న వెర్షన్లను నమ్ముకుని వచ్చిందే.

సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్ పద్ధతి వేరు. 9, 10 వారాలకొకసారి కొత్త వెర్షన్ రావాల్సిందే. మొదటి రెండు వారాలు కొత్త మార్పులు చేర్చుకుంటారు. ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఏడో ఎనిమిదో ముందస్తు వెర్షన్లు వదులుతారు. ఇంటెల్ నడిపే రోబో ఒకటి ప్యాచ్‌లను ఎప్పటికప్పుడు బిల్డ్ చేసి చూస్తుంది. గూగుల్ నడిపే సిజ్‌బాట్ అడ్డదిడ్డమైన ఆదేశాలు ఇచ్చి కెర్నల్‌ను పడగొట్టడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రాజీపడని సూత్రం ఒకటుంది: నిన్నటిదాకా పనిచేసిన ప్రోగ్రామ్ కొత్త కెర్నల్ వల్ల ఆగిపోతే తప్పు కెర్నల్‌దే, ప్రోగ్రామ్‌ది కాదు. టెస్టింగ్ ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అలా ఆగిపోవడాన్నే వాళ్లు రిగ్రెషన్ అంటారు.

ఫెడోరాలో విడుదల ముందు "గో, నో గో" అని ఒక మీటింగ్ ఉంటుంది. ముందే రాసిపెట్టుకున్న విడుదల ప్రమాణాల్లో ఒక్కటి తప్పినా వాయిదా. సూసే అనే కంపెనీ తయారుచేసిన ఓపెన్‌క్యూఏ అనే సాధనాన్ని ఫెడోరా కూడా వాడుతుంది. అది వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిపే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) ఇన్‌స్టాలర్ తెరిచి, మనిషిలాగే బటన్లు నొక్కి, స్క్రీన్ మీద కనబడే బొమ్మను ఉండాల్సిన బొమ్మతో పోల్చి చూస్తుంది.

ల్యాబ్‌లో లేని ల్యాప్‌టాప్

ఇంత జరిగినా జారిపోయేవి ఏమిటి? ఇక్కడే అసలు విషయం ఉంది.

2017 అక్టోబర్‌లో ఉబుంటు 17.10 వచ్చింది. టెస్టులన్నీ పాసైంది. డిసెంబర్ నాటికి లెనోవో ల్యాప్‌టాప్‌లు కొన్నిటి యజమానుల నుంచి, మరికొన్ని కంపెనీల మోడళ్ల వాళ్ల నుంచి ఒకే రకమైన ఫిర్యాదులు మొదలయ్యాయి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్‌లో) సెట్టింగులు మారిస్తే సేవ్ కావడం లేదు, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవడం లేదు. ఉబుంటు తీసేసి ఇంకోటి వేసుకుందామన్నా దారి లేదు. బయోస్ ఉండే చిప్‌తో మాట్లాడే ఇంటెల్ డ్రైవర్ ఒకటి కెర్నల్‌లో ఆన్ అయి ఉండటం, అది ఆ మోడళ్లలోని చిప్‌ను రాయడానికి వీల్లేని స్థితిలో వదిలేయడం దీనికి కారణం. డౌన్‌లోడ్ లింకు తీసేశారు. ఆ డ్రైవర్‌ను ఆపి, 2018 జనవరిలో కొత్త ఇమేజ్ ఇచ్చారు.

ఈ తప్పును వర్చువల్ మెషీన్‌లో లక్ష టెస్టులు నడిపినా పట్టుకోలేరు, ఎందుకంటే వర్చువల్ మెషీన్‌కు ఆ చిప్పే లేదు. ఆ మోడల్ ల్యాప్‌టాప్ చేతిలో ఉన్న మనిషి, విడుదలకు ముందే, దాన్ని పాడుచేసుకునే రిస్కు తీసుకుని బీటా వేసి చూస్తే తప్ప తెలియదు. అలాంటి మనిషి చూడలేదు, లేదా చూసినా బయోస్ దాకా వెళ్లలేదు.

రెండో రకం జారుడు ఇంకా సూక్ష్మమైనది. 2023 నవంబర్ చివర్లో కెర్నల్ 6.1.64లో ఫైల్ సిస్టమ్‌కు సంబంధించిన ఒక సవరణ చేరింది. అది కొత్త కెర్నల్‌లో చక్కగా పనిచేసింది. అక్కడి నుంచి పాత 6.1 వరుసలోకి తీసుకొచ్చారు. కానీ ఆ సవరణ సరిగ్గా పనిచేయాలంటే అంతకు ముందే ఉండాల్సిన ఇంకో మార్పు పాత వరుసలో లేదు. ఫలితంగా కొన్ని పరిస్థితుల్లో డిస్క్ మీద డేటా పాడైపోయే ప్రమాదం వచ్చింది. డిసెంబర్ 9న రావాల్సిన డెబియన్ 12.3 ఇమేజ్‌లను ఆపేశారు, అప్పటికే అప్‌డేట్ చేసుకున్నవాళ్లను హెచ్చరించారు, మర్నాడే 12.4 వదిలారు. ఒక్క రోజులో సర్దుకోవడం మెచ్చుకోవాల్సిందే. కానీ "స్టేబుల్" అన్న మాట మీద నమ్మకంతో అప్‌డేట్ నొక్కిన అడ్మిన్‌కు ఆ రాత్రి ఎంత టెన్షన్ అయి ఉంటుందో కూడా ఆలోచించాలి.

టెస్ట్ పాసయిందంటే అడిగిన ప్రశ్నకు జవాబు సరిగ్గా వచ్చిందని మాత్రమే అర్థం. 2006లో డెబియన్‌లో రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ మీద ఇదే వాల్‌గ్రైండ్ ఒక హెచ్చరిక చూపింది. దాన్ని పోగొట్టడానికి రెండు లైన్లు తీసేశారు. హెచ్చరిక పోయింది, ప్రోగ్రామ్ పనిచేసింది. తీసేసినవాటిలో ఒకటి ఆ తాళాలకు యాదృచ్ఛికతను, అంటే ఎవరూ ఊహించలేని తనాన్ని ఇచ్చే లైను. 2008 మేలో బయటపడేదాకా డెబియన్, ఉబుంటు యంత్రాల్లో తయారైన తాళాలు ఒక్కో రకంలో 32 వేల చిల్లర మాత్రమే, వరసగా ప్రయత్నిస్తే దొరికిపోయేవే. కోడ్ అందరికీ కనబడుతూనే ఉంది. దాదాపు రెండేళ్లు ఎవరూ చూడలేదు.

అయితే దీన్ని ఓపెన్ సోర్స్ జబ్బుగా చూపించడం అన్యాయం. 2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు పెద్ద అప్‌డేట్ వదిలింది. కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. కొద్ది రోజుల్లోనే ఆపేశారు, మళ్లీ వదిలింది నవంబర్ 13న. విచిత్రం ఏమిటంటే, ముందస్తు వెర్షన్ వాడినవాళ్లలో కొందరు ఈ సంగతి ముందే చెప్పారు. వేల ఫిర్యాదుల మధ్య ఆ మాట మునిగిపోయింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క ఫైల్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టి, శంషాబాద్‌తో సహా దేశంలోని విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసే పరిస్థితి తెచ్చింది. అంచెలంచెలుగా, ముందు కొద్దిమందికే వదిలి ఉంటే అంత దూరం వెళ్లేది కాదు. మూసిన కోడ్, తెరిచిన కోడ్ అన్న తేడా కంటే వాకిట్లో ఎంతసేపు నిలబెట్టారన్నదే ఇక్కడా తేల్చింది.

పరీక్షకు ధర కట్టిన మార్కెట్

2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. సర్వర్లు, క్లౌడ్ సంగతి చెప్పనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ సొంత క్లౌడ్ అజూర్‌లోనే సగానికి పైగా లినక్స్. ఇది ఉచితం కాబట్టి జరిగిందనుకోవడం పొరపాటు.

రెడ్ హ్యాట్ కథ చూడండి. కోడ్ ఎవరికైనా దొరుకుతుంది, అయినా 2012 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీ ఆదాయం 100 కోట్ల డాలర్లు దాటింది. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. ఏం కొనుక్కున్నట్టు? ఈ సర్వర్ మోడల్ మీద, ఈ డిస్క్ కంట్రోలర్‌తో, ఈ డేటాబేస్‌తో కలిపి మేం పరీక్షించాం, పదేళ్లు చూసుకుంటాం అన్న హామీని. డెల్, హెచ్‌పీ తమ సర్వర్లను, ఒరాకిల్, శాప్ తమ సాఫ్ట్‌వేర్‌ను దానితో కలిపి సర్టిఫై చేసుకుంటాయి. ఏదైనా తేడా వస్తే ఫోన్ ఎవరికి చేయాలో బ్యాంకు ఐటీ మేనేజర్‌కు తెలుసు. సర్వర్ మార్కెట్‌లో లినక్స్ గెలుపు వెనక ఉన్నది ఈ ఫోన్ నంబర్.

ఈ హామీ విలువ ఎంతో సెంటోస్ గొడవలో బయటపడింది. సెంటోస్ అంటే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌ను మక్కీకి మక్కీ మళ్లీ బిల్డ్ చేసి ఉచితంగా ఇచ్చే సిస్టమ్. కొత్త మార్పులు ముందు రెడ్ హ్యాట్‌లో పరీక్షకు నిలిచి, నెగ్గి, ఆ తర్వాత సెంటోస్‌కు వచ్చేవి. 2020 డిసెంబర్‌లో రెడ్ హ్యాట్ ఈ వరసను తిరగేసింది. ఇకపై సెంటోస్ స్ట్రీమ్ మాత్రమే ఉంటుంది, అది రెడ్ హ్యాట్ విడుదలకు ముందు నడుస్తుంది అంది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8 సపోర్ట్ 2021 చివరికే ముగిసింది. స్ట్రీమ్ నాణ్యత నిజానికి చెడ్డదేమీ కాదు. కానీ వేల కంపెనీలకు అర్థమైంది ఒకటే: నిన్నటిదాకా పరీక్ష నెగ్గిన సరుకు వాడుకున్నాం, రేపటి నుంచి ఆ పరీక్ష మన సర్వర్ల మీదే జరుగుతుంది. ఆ కోపంలోంచే ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ పుట్టాయి. ఫీచర్లలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ లేదు. క్యూలో ముందు నిలబడాలా వెనక నిలబడాలా అన్న ఒక్క తేడాకే మార్కెట్ అంతగా కదిలింది.

ఫోన్లలో ఇదే కథ వేరే రూపంలో ఉంది. ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్స్ కెర్నలే. ఫోన్ తయారీదారు గూగుల్ యాప్‌లు పెట్టుకోవాలంటే కంపాటిబిలిటీ టెస్ట్ సూట్ అనే పెద్ద పరీక్ష పాసవ్వాలి. లేకపోతే ప్లే స్టోర్ లేదు, ప్లే స్టోర్ లేకపోతే ఫోన్ అమ్ముడుపోదు. పరీక్షనే మార్కెట్‌కు గేటుగా పెట్టారు. మన దగ్గర ఫోన్ వాడేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా వాడేది ఆండ్రాయిడే. అది లినక్స్ అని తెలియాల్సిన అవసరం కూడా వాళ్లకు రాలేదు. క్రోమ్‌బుక్, వాల్వ్ కంపెనీ 2022లో తెచ్చిన స్టీమ్ డెక్ గేమింగ్ యంత్రం కూడా అదే దారి. ఒక యంత్రం, ఒక సిస్టమ్, రెండింటికీ కలిపి ఒకరే బాధ్యులు.

ఇక డెస్క్‌టాప్. 2007లో ఆసుస్ కంపెనీ "ఈ పీసీ" అనే చిన్న ల్యాప్‌టాప్ లినక్స్‌తో వచ్చినప్పుడు ఇక విండోస్ పని అయిపోయిందన్నారు. మైక్రోసాఫ్ట్ ఆ చిన్న మెషీన్ల కోసం పాత ఎక్స్‌పీ ఆయుష్షు పొడిగించింది. ఏడాది, రెండేళ్లలో ఆట ముగిసింది. ప్రింటర్ పలకదు, ఫోన్ డాంగిల్ పనిచేయదు, అలవాటైన ప్రోగ్రామ్ లేదు. ఇంట్లో ఉండే మిగతా వస్తువులతో కలిపి ఆ చిన్న పీసీని ఎవరూ పరీక్షించలేదు.

ఇప్పుడు మళ్లీ ఒక తలుపు తెరుచుకుంది. 2024 ఫిబ్రవరిలో, వెబ్ వాడకాన్ని కొలిచే స్టాట్‌కౌంటర్ లెక్కల్లో డెస్క్‌టాప్‌లో లినక్స్ వాటా మొదటిసారి 4 శాతం దాటింది. భారత్‌లో వాటా ఆ లెక్కల్లో ప్రపంచ సగటు కంటే బాగా ఎక్కువే కనిపించింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, దాదాపు 2018 తర్వాతి ప్రాసెసర్ కావాలి. అంటే చక్కగా పనిచేస్తున్న కోట్లాది కంప్యూటర్లు ఒక్కసారిగా అధికారికంగా పాతబడ్డాయి. లినక్స్‌కు ఇంతకంటే మంచి అవకాశం ఎప్పుడూ రాలేదు.

కానీ ఆ కోట్లాది కంప్యూటర్లు కోట్లాది రకాలు కూడా. మూత వేస్తే నిద్రపోవాలి, తీస్తే లేవాలి. వీడియో కాల్‌లో కెమెరా, మైకు ఒకేసారి పనిచేయాలి. వేలిముద్ర గుర్తుపట్టాలి. వీటిలో ఒక్కటి తప్పినా మామూలు మనిషికి అది "లినక్స్ బాగాలేదు" అనే అనుభవమే. ఆ మోడల్‌ను ఎవరూ ముందుగా పరీక్షించలేదన్న వివరణ ఆయనకు అక్కర్లేదు. మన ఊళ్లలో ఉబుంటుతోనో డాస్‌తోనో తక్కువ ధరకు అమ్మే ల్యాప్‌టాప్‌ల గతి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. కొన్న రోజే షాపులో దాన్ని తుడిచేసి విండోస్ ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్తారు. అమ్మేవాడు దాన్ని ఒక్కసారి కూడా ఆన్ చేసి చూపించడు. లెనోవో 2020లో తన థింక్‌ప్యాడ్, థింక్‌స్టేషన్ వర్క్‌స్టేషన్లన్నిటినీ ఉబుంటు, రెడ్ హ్యాట్‌లతో సర్టిఫై చేస్తానని ప్రకటించింది. మంచి అడుగు. కానీ అవి ఖరీదైన మెషీన్లు. ముప్పై, నలభై వేల రూపాయల ల్యాప్‌టాప్‌కు ఆ పని ఎవరైనా చేసినప్పుడే డెస్క్‌టాప్ లెక్క మారుతుంది.

ప్రభుత్వాలు ఆ పని చేయగలవని చూపించింది కేరళ. అక్కడి బడుల్లో ఇరవై ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే నడుస్తోంది. కైట్ అనే సంస్థ ఉబుంటు మీద సొంత వెర్షన్ తయారుచేసి, పాఠ్యపుస్తకాల్లో వాడే ప్రోగ్రాములన్నీ అందులోనే పెట్టి, టీచర్లకు శిక్షణ ఇచ్చి బడులకు పంపుతుంది. 2019లో కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు దీనివల్ల 3,000 కోట్ల రూపాయలు మిగిలాయని లెక్క చెప్పింది. డబ్బు మిగిలిందని చెప్పుకోవడం సులువు. అంతకంటే పెద్ద విషయం, క్లాసులో జియోజీబ్రా అనే లెక్కల ప్రోగ్రామ్ తెరుచుకోకపోతే ఎవరిని అడగాలో టీచరుకు తెలియడం. జర్మనీలో మ్యూనిక్ నగరం దాదాపు 15 వేల కంప్యూటర్లను 2013 నాటికి లినక్స్‌కు మార్చి, 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. రాజకీయం ఒక కారణం. బయటి ఆఫీసుల నుంచి వచ్చే ఫైళ్లు, ప్రత్యేక ప్రోగ్రాములతో నిత్యం పడ్డ ఇబ్బంది ఇంకో కారణం. ఇప్పుడు అదే దేశంలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 30 వేల కంప్యూటర్లతో మళ్లీ ప్రయత్నిస్తోంది. ఈసారి ముందు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మార్చి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తర్వాతకు పెట్టుకుంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్ లినక్స్ 2007 నుంచి ఉంది, 2023లో రక్షణ శాఖ మాయా ఓఎస్ తెచ్చింది. మార్కెట్‌లో అమ్మే చవక ల్యాప్‌టాప్‌ల మీద వీటిని వరసగా పరీక్షించి, ఏ మోడల్‌లో ఏది పనిచేస్తుందో అందరికీ తెలిసేలా పెట్టే ఏర్పాటు ఉంటే వాటి దారే వేరుగా ఉండేది.

జ్ఞా అనే అక్షరం

తెలుగువాళ్లకు ఈ విషయంలో సొంత పాఠం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేసింది. "జ్ఞా" రాసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి చేరితే, ఐఓఎస్ 11.2.5లో అక్షరాలు గీసే భాగం ఆ వరసను తట్టుకోలేకపోయేది. మెసేజ్ వస్తే యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేశారు. ప్రపంచంలో అత్యంత ధనిక కంపెనీల్లో ఒకటి, కోట్ల మంది మాట్లాడే భాష. విడుదలకు ముందు ఆ వరసను ఎవరూ ప్రయత్నించలేదు.

కనబడని ఆ గుర్తు అరుదైనదేమీ కాదు. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటేనే అది కావాలి. లేకపోతే "ట"కు కింద "వ" ఒత్తు చేరిపోతుంది. రోజూ రాసే మాటలోనే ఉంది. లినక్స్‌లో అక్షరాలు గీసే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూస్తుంది, అది ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉంది. తెలుగులో ఏదైనా తప్పితే కోట్ల తెరల మీద ఒకేసారి తప్పుతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే ఒత్తు ఒక్కటే పోవాలా, అక్షరమంతా పోవాలా? "క్ష్మి" చిన్న సైజులో చదవగలిగేలా ఉందా? ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు లాగిన్ స్క్రీన్ మీద కూడా మారుతోందా? ఓపెన్‌క్యూఏ ఇవి తనంతట తాను అడగదు. తెలుగు రాసేవాళ్లు అడగాలి, అదీ ఫ్రీజ్‌కు ముందు.

హైదరాబాద్‌లో ఈ పని చేయగలిగిన చేతులకు కొదవ లేదు. మాన్యువల్ టెస్టింగ్, సెలీనియం బోర్డులు చూడకుండా అమీర్‌పేట దాటలేం. ఆ సెలీనియం కూడా ఓపెన్ సోర్స్ సాధనమే. టెస్ట్ కేసు రాయడం, బగ్‌ను మళ్లీ పుట్టించి చూపించడం, డెవలపర్ "నా మెషీన్‌లో బాగానే ఉంది" అంటే ఒప్పించడం ఇక్కడ వేల మందికి రోజువారీ ఉద్యోగం. స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తేవడానికి ఏళ్లుగా కష్టపడుతోంది. కానీ ఈ టెస్టింగ్ నైపుణ్యమంతా అమెరికా, యూరప్ క్లయింట్ల సాఫ్ట్‌వేర్ మీద ఖర్చవుతోంది. అందులో వందో వంతు తెలుగు తెర మీద పెట్టినా తేడా కనబడుతుంది.

పని కూడా అంత కష్టమైనది కాదు. ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, దాని బీటా కొన్ని వారాల ముందే వస్తుంది. ఒక పెన్‌డ్రైవ్ మీద ఆ ఇమేజ్ రాసి, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా లైవ్‌గా బూట్ చేయొచ్చు. వైఫై పట్టుకుందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే లేస్తోందా, ఆఫీస్ ఫైల్‌లో "జ్ఞానం", "లక్ష్మి", "సాఫ్ట్‌వేర్" సరిగ్గా వస్తున్నాయా చూడొచ్చు. ముప్పావు గంట పని. తేడా కనబడితే రిపోర్టులో రాయాల్సినవి నాలుగే: ల్యాప్‌టాప్ మోడల్ నంబర్, ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది. విడుదల తేదీకి మూడు వారాల ముందు చేరిన ఆ రిపోర్టు ఆ మోడల్ కొన్న ప్రతివాడికీ పనికొస్తుంది. విడుదలైన మర్నాడు చేరితే తర్వాతి అప్‌డేట్ కోసం క్యూలో నిలబడుతుంది.